సీసాలో ఉన్నది విటమిన్ కాదు

పోయిన వారం కథను అక్క డాక్టరమ్మ ఎదుట కుర్చీలో కూర్చున్న చోట ఆపాం. బల్ల మీద రెండు రక్తపరీక్షల కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి చలికాలం మొదట్లోది, ఇంకొకటి తాజాగా చేయించింది. అక్క చేతివేళ్లు మొద్దుబారడానికి విటమిన్ లోపమే కారణమని డాక్టరమ్మ మొదటిసారే తేల్చింది. పాలు, గుడ్డు, చేప, మాంసం ముట్టని ఉపవాసం మూడో ఏట పడితే బి-ట్వెల్వ్ అడుగంటదా అని కోప్పడి, మందు రాసిచ్చింది. కానీ కొత్త కాగితంలో ఆ విటమిన్ వెంట్రుకవాసి కూడా పెరగలేదు. అసలే తక్కువగా ఉన్న కొలెస్ట్రాల్ మాత్రం ఇంకా కిందికి దిగింది. "అసలు మీరు ఏం మింగుతున్నారమ్మా?" అని అడిగితే, అక్క సంచిలోంచి రుమాలు తీసి, ముడి విప్పి, ఓ తెల్లని మాత్ర చూపించింది. డాక్టరమ్మ దాన్ని వెలుగుకు తిప్పి, మీద చెక్కిన అక్షరాలు చదివింది. "ఇది విటమిన్ కాదు. కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర. ఎవరిదిది?" అంది.

సూదిమందు గురించి డాక్టరమ్మ చెప్పిందంతా విన్నాక, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పకుండానే అక్క లేచి వచ్చేసింది. ఎవరిదో తెలియక కాదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ముందుగది తలుపు తీసి, లైటు వేయకుండానే లోపలికి నడిచింది. ఆ గదే ఆమె దుకాణం. ఆమె కోట్లు కుడుతుంది. వీధిలో అందరూ కాజాలక్క అంటారు. మిషను మీద కాజా ఎవరైనా తీస్తారు, చేత్తో తీసిన కాజా కావాలంటే ఆమె గడపే తొక్కాలి. గుండీ దూరేటప్పుడు కాస్త బిగువుగా ఉండాలి, దూరాక ఊపిరాడాలి అనేది ఆమె సిద్ధాంతం. ఆ మాట కోటు గురించి చెప్పిందో సంసారం గురించి చెప్పిందోనని వీధిలోవాళ్లు నవ్వుకునేవారు. సంసారం సంగతి ఆమెకేం తెలుసులెండి, పెళ్లి ఊసెత్తినవాళ్లను కత్తెర చూపించి మరీ పంపేసింది. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచడమే ఆమె సంసారం.

బొమ్మకు తొడిగిన పెళ్లికొడుకు కోటు తెల్లగా మెరుస్తోంది. దాని ఎడమ రొమ్ము దగ్గర, కాజా పక్కన, చిన్న గోధుమరంగు మచ్చ. మొన్న సూది వేలిలో దిగి రక్తం వచ్చినా తెలియక, అదే వేలితో గుడ్డ సర్దింది. మచ్చ కనిపించాక గానీ వేలు చూసుకోలేదు. ఇన్నేళ్ల పనిలో ఇంకొకరి బట్ట మీద ఆమె రక్తం పడటం అదే మొదలు. ఆ కోటు వంక ఇప్పుడు కూడా చూడలేకపోయింది.

లోపల వంటింటి బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన, ఆ సీసా ఎప్పటిలాగే ఉంది. నారింజరంగు చీటీ, దాని మీద నవ్వుతున్న సూర్యుడు, 'విటమిన్లు' అని పెద్ద అక్షరాలు. తమ్ముడు రోజూ ఉదయం పనికి వెళ్లేముందు వేసుకునే మాత్రలని ఇంట్లో పేరు. అక్క దాన్ని తెచ్చి తన ముందు పెట్టుకుని కూర్చుంది.

ఇక్కడ అక్క తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. డాక్టరమ్మ రాసిచ్చినవి క్యాప్సూళ్లు. ఆ పైతొడుగు జంతువుల ఎముకల జిగురుతో చేస్తారని తమ్ముడి పెళ్లాం, అంటే మరదలు, ఎప్పుడో మాటల్లో చెప్పింది. మరదలు పనిచేసేది మందుల షాపులో కాబట్టి ఆ మాట అక్క మనసులో అలాగే ఉండిపోయింది. అలాంటిది మింగితే ఉపవాసపు మొక్కు మైలపడుతుంది. తమ్ముడి సీసాలో ఉన్నవేమో గట్టి మాత్రలు, తొడుగూ గిడుగూ లేనివి. అవీ విటమిన్లే కదా, డాక్టరమ్మ చెప్పిందీ విటమిన్లే కదా. ఇంట్లో ఉన్నదాన్ని బయట కొనడం దేనికని, ఉపవాసం విడిచే వేళ రోజూ ఒకటి తీసి మింగుతూ వచ్చింది. తొడలు పీకుతుంటే వయసనుకుంది. ఎవరితోనూ అనలేదు. పంచుకోవడం తెలిసిన మనిషి కాదు, మోయడమే తెలుసు.

వీధి తలుపు చప్పుడైంది. మరదలు వచ్చింది, మందుల షాపు వాసనతో సహా.

"ఏంటి వదినా, చీకట్లో కూర్చున్నారు?" అంటూ లైటు వేసి, బల్ల మీద చూసి, చేతిలో సంచి కింద పెట్టడం మరిచిపోయింది.

"కూర్చో అమ్మాయ్. దీంట్లో ఏమున్నాయి?"

"అదా... విటమిన్లు కదా వదినా. సీసా మీదే ఉందిగా."

"సీసా మీద ఉన్నది నేనూ చదివాను. లోపల ఉన్నదేంటని."

"మీకెవరు చెప్పారు?"

ఏమీ దాచనివాళ్లు ఆ మాట అడగరు. అడిగాక మరదలికీ ఆ సంగతి తట్టింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆయన్ని ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు మీరు మందుల చీటీ చింపేశారు. గుర్తుందా వదినా?"

అక్కకు గుర్తే. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. ఓ ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రివాళ్లు బతికించి, రక్తంలో కొవ్వు ఎక్కువుందని, జీవితాంతం మాత్రలు వేసుకోవాలని పంపారు. వాళ్ల నాన్నదీ అదే జబ్బు. "నాన్న దోసిళ్లతో మింగాడు, మిగిలాడా?" అంటూ అక్క ఆ చీటీని నాలుగు ముక్కలు చేసింది. ఆ సాయంత్రమే మొక్కుకుంది. తమ్ముడి గుండె కొట్టుకున్నంత కాలం తను పొద్దుగుంకాక ఒక్కపూటే తింటుంది. జంతువు నుంచి వచ్చినదేదీ నోట పెట్టదు. బదులుగా దేవుడు వాణ్ణి చూసుకోవాలి. మొక్కంటే ఆమె దృష్టిలో ఒప్పందం, కొలత ఇచ్చాక మాట తప్పకూడదు.

"నేను రోజూ షాపులో చూస్తూనే ఉంటాను వదినా. ఈ మాత్ర ఆపేసి మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తినవాళ్లను. మీతో పోట్లాడే ధైర్యం నాకెక్కడిది? ఖాళీ సీసా ఒకటి కనబడింది, అందులో పోశాను. ఒక్క నెల అనుకున్నా. పరీక్ష బాగా వస్తే చెప్పేద్దామనుకున్నాం ఇద్దరం."

"బాగానే వచ్చిందిగా."

"వచ్చింది. మీరేమో ఆ కాగితం పట్టుకుని దేవుడి ముందు కూర్చుని ఏడ్చారు. మిమ్మల్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూళ్లేదు. ఎలా చెప్పమంటారు?"

ఆ రోజు ఏడుపు అక్కకు ఇప్పటికీ తియ్యగానే గుర్తుంది. ఆ తర్వాత ఓ ఉచిత వైద్య శిబిరంలో ఆమె రక్తం కూడా చూశారు. కొలెస్ట్రాల్ పడుచుపిల్లకు ఉన్నట్టుందని నర్సు మెచ్చుకుంది. ఆ మాట వీధంతా పాకింది. ఉపవాసం మహిమ చూడండని ఇరుగుపొరుగు తమ ఇళ్లలో కొవ్వెక్కినవాళ్లకు ఆమెను చూపించి బుద్ధి చెప్పారు. ఆ నర్సు అబద్ధం చెప్పలేదు. కొవ్వు తగ్గిన మాట నిజం. కొవ్వుతో పాటు పోయినదేమిటో ఆ శిబిరంలో ఎవరూ చూడలేదు, అంతే. మూడేళ్లుగా ఆమె లోపల ఒక డబ్బా నిండుతోందని అందరూ చప్పట్లు కొడుతుంటే, ఇంకో డబ్బా చప్పుడు లేకుండా ఖాళీ అయిపోయింది.

"నేనూ అవే మింగుతున్నానమ్మాయ్," అంది అక్క.

"ఏవి?"

"ఇవే. విటమిన్లనుకుని. చలికాలం నుంచీ."

మరదలు సీసా వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూసింది. "మరి మీకు రాసిన క్యాప్సూళ్లు..."

"జిగురుతో చేస్తారని నువ్వేగా అన్నావు."

"అన్నాను. అందుకే జిగురు లేనివి కూడా ఉంటాయి వదినా. ఉపవాసాలుండేవాళ్ల కోసమే చేస్తారు. మా షాపులో నా చెయ్యి అందే అరలోనే ఉంటాయి. ఒక్క మాట అడిగితే మీ చేతిలో పెట్టేదాన్ని కదా." ఆమె సీసాను పక్కకు నెట్టింది. "ఒక్క మాట."

నిజమే, ఒక్క మాట. ఇటునుంచి అటు వెళ్లినా సరిపోయేది, అటునుంచి ఇటు వచ్చినా సరిపోయేది. ఒకే బల్ల దగ్గర, ఒకే సీసా పక్కన, రోజూ ఉప్పు అందించుకుంటూ తిన్న ఆడవాళ్లు ఇద్దరు. ఒకరిని నొప్పించకూడదని ఒకరు, ఒకరికి భారం కాకూడదని ఇంకొకరు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. వీళ్లిద్దరి మీదా నాకు కోపం వస్తుంది గానీ, ఎక్కువసేపు నిలవదు.

"చేతులు తిరిగొస్తాయందా డాక్టరు?" అని మరదలు నెమ్మదిగా అడిగింది.

"మొదటిసారే మందు వేసుకునుంటే పూర్తిగా వచ్చేదట. ఇప్పుడు సూదిమందు మొదలుపెట్టాలంది. కొంత రావచ్చు, కొంత రాకపోవచ్చు. మొక్కు మానాలి, అది మానకుండా ఎన్ని సూదులు వేసినా చిల్లుకుండలో నీళ్లేనంది."

మందిరం పెద్దాయన కూడా ఈ మాట ఏనాడో చెప్పాడు. జబ్బుపడ్డవాళ్లకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉందమ్మా, శాస్త్రమే ఇచ్చింది, అని. "మినహాయింపు నాకుంటుంది సరే, వాడి గుండెకుంటుందాండీ?" అని ఆయన నోరే మూయించింది. ఆ జవాబుకు అప్పట్లో ఎంత పొంగిపోయిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

వీధి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తమ్ముడు. మామూలుగా ఈలవేస్తూ ఎక్కేవాడు ఇవాళ ఆగి ఆగి ఎక్కుతున్నాడు. లోపలికి వచ్చి, చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ తలెత్తాడు. సీసా చూశాడు. పెళ్లాం కళ్లు చూశాడు. తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడిపోయాడు.

"రారా, కూర్చో," అంది అక్క.

అతను కూర్చోలేదు. గుడ్డను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "తెలిసిపోయిందా అక్కా?"

"తెలిసింది."

"చెబుదామనే అనుకున్నా. ప్రతి పండక్కీ అనుకున్నా. నువ్వు ఆ ఉడకబెట్టిన దుంపలు ముందు పెట్టుకుని కూర్చుంటావు చూడు, అప్పుడు నోటిదాకా వచ్చేది. నువ్వేమో 'ఇవాళ ఎలా ఉందిరా గుండె?' అనేదానివి. బాగుందక్కా అనేవాణ్ణి. దాంతో సరిపోయేది."

"నేను పస్తుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావు."

"కూర్చున్నా."

"నా వేళ్లు చచ్చిపోతుంటే?"

"అది ఉపవాసం వల్లని నాకు తెలీదక్కా. ఒట్టు. కుట్టి కుట్టి అరిగిపోయాయనుకున్నా."

అక్క రవికకు గుచ్చుకున్న సూది తీసింది. ఎడమచేతి చూపుడువేలి కొన మీద ఆనించి నెమ్మదిగా నొక్కింది. సూది దిగింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. చిన్న రక్తపు బొట్టు ఉబికింది. మరదలు గబగబా ఆమె చెయ్యి లాక్కుని కొంగుతో అదిమింది.

"చూశావా? నాకేం నొప్పి లేదు. నీ మీద కోపం కూడా లేదు. ఒకవేళ ఉన్నా, అదీ మొద్దుబారినట్టుంది." అక్క నవ్వబోయింది, కుదరలేదు. "నిన్ను బతికించింది నేనే అనుకున్నాన్రా. నీ ఊపిరి నా చేతిలో ఉందనుకుని మురిసిపోయా. కడుపు మాడుతుంటే కూడా హాయిగా ఉండేది, ఎందుకో తెలుసా? ఇది వాడికి చేరుతోంది అనుకునేదాన్ని. చేరలేదు. నా ఉపవాసం నా రక్తాన్నే కడిగింది, నీది కాదు. నీ రక్తాన్ని కడిగింది అదిగో, ఆ సీసా."

"అలా అనకు."

"ఎలా అనమంటావు? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నువ్వు తాగావు, కళ్లు నేను మూసుకున్నా. ఇద్దరిదీ తప్పే. చీటీ చింపింది నేనే కదా. నేనలా చింపకపోతే ఈ పిల్లకి సీసాలు మార్చే అవసరమేముంది?"

ఆ మాటకు మరదలు బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. మూడేళ్లలో మొదటిసారి ఆడపడుచు తనవైపు మాట్లాడింది, అదీ ఇలాంటి రోజున. అక్క మొద్దుబారిన చెయ్యి ఆమె తల మీద వేసింది. జుట్టు మెత్తగా ఉందో గరుగ్గా ఉందో ఆమెకు తెలియలేదు. అయినా తీయలేదు.

అక్కే లేచింది. "సరే. జరిగిందేదో జరిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం. కనీసం ఆకులైనా పట్టుకుందాం. అమ్మాయ్, పాలున్నాయా?"

మరదలు తలెత్తింది. ఆ ఇంట్లో అక్క నోటి నుంచి ఆ మాట విని ఎన్నాళ్లయిందో. కళ్లు తుడుచుకుంటూ లేచి, పాలు వెచ్చబెట్టి, గ్లాసులో పోసి, రెండు చేతులతో తెచ్చింది. ఆమె ముఖంలో ఏడుపు మీదే ఓ వెలుగు వచ్చింది.

అక్క గ్లాసు అందుకుంది. జారిపోతుందేమోనని చేత్తో పాటు చూపుతోనూ పట్టుకుంది. గోడకున్న దేవుడి పటం వైపు ఓసారి తిరిగి, "నేను లెక్క తప్పాను. క్షమించు," అంది. గ్లాసు పైకెత్తింది.

"అక్కా, తాగకు."

తమ్ముడి గొంతు. ఇంతసేపూ మాట్లాడిన గొంతు కాదు అది.

"తాగనీయండి," అంది మరదలు విసుగ్గా. "ఇప్పటికైనా తాగనీయండి. డాక్టరు చెప్పింది మీరు వినలేదు, అది మానకపోతే ఆవిడ చేతులు..."

"నేను ఆపేశాను."

"ఏం ఆపేశారు?"

"మాత్రలు." అతను ఇప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కంటే కాళ్లు తీసేసినట్టు కూలబడ్డాడనాలి. "పోయిన వానాకాలం నా పరీక్ష కూడా బాగా వచ్చింది కదా. ఆ తర్వాత ఓ సాయంత్రం అక్క తింటుంటే చూశా. చలికి వణుకుతోంది, చెంచా చేతిలో నిలవట్లేదు. తను నా కోసం ఇంత చేస్తుంటే నేను చాటుగా మాత్ర మింగడమేంటి అనిపించింది. నమ్మకం లేనివాడిలా. మర్నాటినుంచి మానేశా. మొదట భయమేసింది. ఏమీ కాలేదు. ఇంకా హాయిగా ఉంది, కాళ్లు పీకడం కూడా పోయింది. అప్పుడు నమ్మా అక్కా. నిజంగా నమ్మా."

"అబద్ధం," అంది మరదలు. "సీసా నెల తిరిగేసరికి ఖాళీ అవుతూనే ఉంది. నేనే కదా నింపుతున్నది. మీరు మింగకపోతే మరి..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె తల నెమ్మదిగా వదినవైపు తిరిగింది. మింగింది ఎవరో ఆ ముగ్గురిలో ఇక ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇప్పుడే వేసుకోండి," మరదలు సీసా మూత తిప్పుతోంది. మాత్రలు బల్ల మీద చెల్లాచెదురుగా పడ్డాయి. "ఇప్పుడే. నా ఎదురుగా."

అతను వాటివైపు చూడలేదు. అక్కనే చూస్తున్నాడు, చిన్నప్పుడు జ్వరం వస్తే చూసినట్టు. ఎడమ భుజాన్ని కుడిచేత్తో రుద్దుకుంటున్నాడు. ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇవాళ మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయా అక్కా. దవడ కూడా లాగుతోంది. ఎందుకో అర్థం కాలేదు. ఇంటికొచ్చి చూస్తే నువ్వు మొక్కు వదిలేస్తున్నావు." అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నాలో ఇప్పుడున్నది నీ ఉపవాసం ఒక్కటే. తాగకు."

"బండి పిలువమ్మాయ్," అంది అక్క. మరదలు అప్పటికే వీధిలోకి పరిగెత్తింది.

అది మూర్ఖపు మాటని అక్కకు తెలుసు. ఇప్పుడే, ఈ బల్ల దగ్గరే, తన నోటితోనే తేల్చింది కదా, ఉపవాసం చేరేది తన రక్తానికేనని. డాక్టరమ్మ మాటలూ గుర్తున్నాయి. బుద్ధికి అంతా తెలుసు. పాల మీద సన్నగా మీగడ కడుతోంది. తమ్ముడి చూపు గ్లాసు మీద నుంచి కదలడం లేదు. గ్లాసు వేడిగా ఉందో చల్లారిందో ఆమె వేళ్లకు తెలియడం లేదు. తాగాలని ఆమె చేతికి చెప్పింది. చెయ్యి పైకి లేవలేదు.